పేరు తనంతట తానే రాసుకోవాలంటే: చేతిరాత సంతకానికి యానిమేషన్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. ప్రొజెక్టర్ కొంచెం మసగ్గా ఉంది, ఇవాల్టికి సర్దుకుపోదాం.

విషయం చిన్నదే. మన పేరు తెర మీద ఎవరో పెన్ను పట్టుకుని రాస్తున్నట్టు గీత గీతగా రావాలి, మెయిల్ చివర్లో పెట్టుకోవడానికో, వీడియో మొదట్లో వేసుకోవడానికో, ఫొటోలు తీసేవాళ్లయితే ఫొటో స్లైడ్‌షో చివర్లోనో. సాఫ్ట్‌వేర్ నేర్పడం పెద్ద పని కాదు, అరగంటలో వచ్చేస్తుంది. అసలు తిప్పలు ఎక్కడంటే, చేశాక చూస్తే అది చెయ్యి రాసినట్టు ఉండదు. పేరు వస్తుంది, రాత రాదు. నేను ఎక్కువ దాని గురించే మాట్లాడతాను, బటన్ల గురించి తక్కువ.

పెళ్లి ఇన్విటేషన్ వీడియోలు మీరంతా చూసే ఉంటారు, వాట్సాప్‌లో వస్తాయి కదా, వెనకాల సన్నాయి, పైనుంచి పూలు, మధ్యలో అమ్మాయి పేరు అబ్బాయి పేరు రాసుకుంటూ వస్తాయి. పేరు ఇంగ్లీషులో ఉంటే బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ టెంప్లేట్, అంటే ముందే తయారుగా ఉన్న నమూనా, చేసినాయన కలిపిరాత ఇంగ్లీషుని మనసులో పెట్టుకుని చేశాడు. అందులోనే తెలుగు పేరు టైప్ చేయండి, ఎడమ నుంచి కుడికి కర్టెన్ లాగినట్టు తెరుచుకుంటుంది, అంతే. దానికి రాయడం అని పేరు, నిజానికి అది తెర తీయడం.

ప్రసాద్ అనే పేరు తీసుకుందాం, మన దగ్గర వీధికొకరు ఉంటారు. (నవ్వులు) ఇక్కడ కూడా ఉన్నట్టున్నారు, సరే. ప్ర అని చేత్తో రాసేటప్పుడు ముందు ప ఒళ్లు రాస్తాం, తర్వాత పెన్ను ఎత్తి పైన తలకట్టు కొడతాం, ప కి తలకట్టు అంటుకోదు కదా విడిగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ కిందికొచ్చి క్రావడి చుడతాం. ఆ క్రావడి ఎక్కడుంటుంది? కింద నుంచి ఎడమ పక్కకి వచ్చి ఉంటుంది. కర్టెన్ ఎడమ నుంచి తీస్తే ఏది ముందు కనిపిస్తుంది? క్రావడి! అక్షరం పుట్టకముందే దాని ఒత్తు పుట్టేసింది. చూసేవాళ్లకి ఇది పట్టి పట్టి చెప్పడం రాదు, కానీ ఏదో తేడాగా ఉంది అని మాత్రం తెలిసిపోతుంది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి పలక మీద రాసిన వరస మన చేతికి తెలుసు.

కాబట్టి మొదటి పని కంప్యూటర్ ముందు కాదు. తెల్ల కాగితం తీసుకోండి, నల్ల ఇంకు పెన్ను, వీలైతే కొంచెం మందంగా రాసేది, జెల్ పెన్నయినా పర్లేదు, మీ పేరు ఒక పది సార్లు రాయండి. మొదటి రెండు మూడు సార్లు అందంగా రాయాలని బిగబట్టి రాస్తారు, అవి వద్దు, తర్వాత చెయ్యి వదులయ్యాక వచ్చేవి బాగుంటాయి. అందులో ఒకటి ఎంచుకోండి. అప్పుడు అదే పేరు మళ్లీ రాస్తూ ఫోన్‌తో పైనుంచి వీడియో తీయండి. ఫోన్ వీడియో మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు, ఉంటుంది, దాన్ని ఏ ఎడిటింగ్ యాప్‌లో పెట్టుకున్నా ఫ్రేము ఫ్రేము జరిపి చూడొచ్చు, ఏ గీతకి ఎన్ని ఫ్రేములు పట్టింది, పెన్ను ఎక్కడ లేచింది, గాల్లో ఎంతసేపుంది, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. ప ఒంటికి ఇన్ని, గాలిలో ఇన్ని, తలకట్టుకి ఇన్ని, అలా. ఈ చీటీయే మీ అసలు సొత్తు. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఈ చీటీ లేకుండా చేస్తే మళ్లీ ఆ టెంప్లేట్ దగ్గరికే వస్తారు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి, నాకు చాలా ఇష్టమైంది. చెయ్యి ఒకే వేగంతో రాయదు. మలుపు ఇరుకుగా ఉంటే నెమ్మదిస్తుంది, వంపు వెడల్పుగా ఉంటే పరిగెడుతుంది. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, 1983లో లాక్వానిటీ, టెర్జువోలో, వివియానీ అని ముగ్గురు దీన్ని లెక్కగా తేల్చారు. మనిషి చెయ్యి గీసేటప్పుడు వేగం ఇంచుమించుగా ఆ వంపు వ్యాసార్థానికి ఘనమూలంలా పెరుగుతుందని. అంటే వంపు ఎనిమిది రెట్లు పెద్దదైతే వేగం ఎనిమిది రెట్లు కాదు, రెండింతలు అవుతుంది. ఇంగ్లీషు సంతకంలో పొడుగ్గా లాగేసిన గీతలు ఉంటాయి, అక్కడ వేగం ఒకేలా పెట్టినా కొంత నడిచిపోతుంది. మనదేమో మొత్తం గుండ్రాలే, పెద్ద గుండ్రం, పక్కనే చిన్న గుండ్రం, దాని కింద ఇంకా చిన్న ఒత్తు. అన్నిటికీ ఒకే స్పీడ్ పెడితే పాము పాకినట్టు ఉంటుంది. సో తెలుగు పేరుకి ఈ వేగం సంగతి ఇంకాస్త ఎక్కువ పట్టించుకోవాలి, సరేనా.

ఇప్పుడు చేసే పద్ధతులు. మొదటిది జింప్‌తో, ఫొటోలు దిద్దుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, అందుకని ముందు ఇది.

ఈ పద్ధతి కంప్యూటర్ల కన్నా పాతది. సినిమా వాళ్లు టైటిల్ రాసుకుంటూ వస్తున్నట్టు చూపించాలంటే ఏం చేసేవాళ్లంటే, మొత్తం పేరు రాసేసి, చివర్నుంచి కొంచెం కొంచెం చెరుపుతూ ఒక్కో ఫ్రేము తీసి, ఆ ఫిల్మును వెనక్కి నడిపేవాళ్లు. వెనక్కి నడిస్తే చెరిపింది రాసినట్టు కనిపిస్తుంది. మనమూ అదే చేద్దాం. కాగితం మీది సంతకాన్ని స్కాన్ చేయండి లేదా పగటి వెలుగులో నీడ పడకుండా ఫొటో తీయండి, జింప్‌లో తెరిచి లెవెల్స్‌లోకి వెళ్లి కాగితం పూర్తి తెలుపు, ఇంకు పూర్తి నలుపు అయ్యేదాకా రెండు కొసలూ లోపలికి జరపండి. వెడల్పు 500 పిక్సెల్స్ దగ్గరికి తగ్గించండి, అంతకన్నా పెద్ద సంతకం ఎవరికీ అక్కర్లేదు. లేయర్‌కి, అంటే బొమ్మ ఉన్న పొరకి, ఆల్ఫా, అంటే పారదర్శకత, లేకుండా చూసుకోండి, బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపు పెట్టుకోండి, అప్పుడు ఎరేజర్ తెల్లరంగు పూస్తుంది, మధ్యలో ఆ గళ్ల గళ్ల ట్రాన్స్‌పరెన్సీ రాదు.

ఇక కంట్రోల్ షిఫ్ట్ డి, లేయర్ డూప్లికేట్ అవుతుంది. పై లేయర్‌లో పేరు చివర కొస, మన ప్రసాద్‌లో అయితే ద మీద పొల్లు, దాని తోక నుంచి కొంచెం చెరపండి. మళ్లీ డూప్లికేట్, మళ్లీ కొంచెం. అలా ప మొదలుదాకా. ఇప్పుడు ఆ వేగం గుర్తుందా? ప్రతి ఫ్రేముకి టైము ఒకటే, కాబట్టి మీరు చెరిపే ముక్క పొడవే వేగం. వెడల్పు వంపులో పెద్ద ముక్క చెరపండి, ఇరుకు మలుపులో చిన్న ముక్క. పెన్ను లేచిన చోట ఏమీ చెరపకుండా రెండు మూడు లేయర్లు ఊరికే డూప్లికేట్ చేయండి, అది చెయ్యి గాల్లో ఉన్న టైము. మీ చీటీ చూసుకుంటూ చేస్తే ఇది టీవీ చూస్తూ చేసే పనిలా అయిపోతుంది.

అయిపోయాక లేయర్ మెనూలో స్టాక్ అని ఉంటుంది, అందులో రివర్స్ లేయర్ ఆర్డర్ నొక్కండి. ఇది ఎందుకంటే జింప్ యానిమేషన్‌లో అట్టడుగు లేయర్ మొదటి ఫ్రేము, మనకేమో అడుగున నిండు సంతకం ఉంది, అలాగే వదిలేస్తే పేరు చెరిగిపోతూ కనిపిస్తుంది. ఫిల్టర్స్‌లో యానిమేషన్, ప్లేబ్యాక్ పెట్టి చూసుకుని, బాగుంటే గిఫ్‌గా, అంటే కదిలే బొమ్మ ఫైలుగా, ఎక్స్‌పోర్ట్, యాజ్ యానిమేషన్ టిక్ పెట్టడం మర్చిపోవద్దు. ఫ్రేముకి 80 మిల్లీసెకన్లు ఇస్తే ముప్పై లేయర్లకి రెండున్నర సెకన్ల దాకా వస్తుంది, పేరుకి అది చాలు.

టైము దగ్గర ఒక చిక్కుంది. గిఫ్‌లో టైము సెకనులో నూరో వంతుల్లోనే ఇవ్వగలం. సెకనుకి 25 ఫ్రేములంటే ఒక్కోదానికి సరిగ్గా 4 నూరో వంతులు, బాగా కుదురుతుంది. 30 ఫ్రేములంటే 3.33, అది కుదరదు. ఇంకా స్మూత్‌గా రావాలని కొంతమంది 1 పెడతారు, అప్పుడు బ్రౌజర్ ఏం చేస్తుందంటే ఇది నమ్మదగ్గది కాదనుకుని దాన్ని 10 చేసేస్తుంది, మీ సంతకం పదింతలు నెమ్మదిగా నడుస్తుంది. ఇదంతా 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ వాళ్లు పెట్టిన ఫార్మాట్ అండి, 1989లో కొంచెం పెంచారు, ఇప్పటికీ దాంతోనే కాపురం. రంగులు 256 కన్నా ఎక్కువ పట్టవు, మనకు అదేం నష్టం కాదు, తెల్ల కాగితం మీద నల్ల ఇంకుకి 16 రంగులు చాలు, అంచుల్లో బూడిద ఛాయలకి. రంగులు తగ్గిస్తే ఫైల్ కూడా బాగా తగ్గుతుంది.

రెండో పద్ధతి ఇంక్‌స్కేప్, గీతలతో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. ఇక్కడ చెరపడం ఉండదు, గీతనే నడిపిస్తాం. చాలామంది ఇక్కడ చేసే పని ఏంటంటే, ఒక తెలుగు ఫాంటు తీసుకుని పేరు టైప్ చేసి, దాన్ని పాత్, అంటే గీత వెళ్లే దారి, కింద మార్చి, యానిమేట్ చేయబోతారు. అలా చేస్తే అక్షరం బయటి అంచు చుట్టూ గీత తిరుగుతుంది, బోలు అక్షరం వస్తుంది, బంగారు కొట్టు బోర్డు మీద లైట్లు తిరిగినట్టు. ఎందుకంటే ఫాంటులో ఉండేది రాత కాదు, అక్షరం ఆకారపు అంచు. పెన్ను వెళ్లిన దారి అందులో లేదు. ఆ దారి మనం గీయాలి.

ఫొటోని అడుగు లేయర్‌లో పెట్టి, పలచగా చేసి, తాళం వేసి, పై లేయర్‌లో పెన్ టూల్‌తో రాత మధ్యలోంచి గీసుకుంటూ వెళ్లండి. పెన్ను ఎత్తకుండా గీసిన ఒక్కో గీతకి ఒక్కో పాత్, అన్నీ కలపొద్దు. నోడ్లు, అంటే గీత మీద పెట్టే చుక్కలు, ఎంత తక్కువ పెడితే అంత నున్నగా వస్తుంది, కొత్తవాళ్లు ప్రతి మిల్లీమీటరుకి ఒక నోడ్ పెడతారు, వణుకుతున్న చెయ్యి వస్తుంది. ఇంకో మాట, ఏ దిక్కు నుంచి గీశారో ఆ దిక్కే మొదలు. తలకట్టు మీరు కుడి నుంచి గీస్తే అది కుడి నుంచే పుడుతుంది. తేడా వస్తే పాత్ మెనూలో రివర్స్ ఉంది, నొక్కండి.

ఎస్‌వీజీగా, అంటే గీతల్ని గీతలుగానే దాచుకునే ఫైలుగా, సేవ్ చేశాక వెబ్ పేజీలో దీన్ని నడిపే కిటుకు ఒకటే, డ్యాష్ గీత. గీతల్ని ముక్కలు ముక్కలుగా వేసే సౌకర్యం ఉంది కదా, స్ట్రోక్ డ్యాష్‌అర్రే అని, ఆ ముక్క పొడవునీ ఖాళీ పొడవునీ పాత్ మొత్తం పొడవంత పెట్టేస్తే, ఒకే ముక్క ఒకే ఖాళీ ఉంటాయి. డ్యాష్‌ఆఫ్‌సెట్ కూడా అంతే పెడితే ముందు ఖాళీ భాగం కనిపిస్తుంది, అంటే ఏమీ లేదు. ఆఫ్‌సెట్‌ను సున్నాకి తెస్తుంటే గీత పుట్టుకొస్తుంది. పాత్ పొడవు ఎంతో కొలిచే ఫంక్షన్ బ్రౌజర్లోనే ఉంది, లేదంటే పాత్‌లెంగ్త్ అనే లక్షణాన్ని 100 అని పెట్టేసుకుంటే ఆ కొలత గొడవే ఉండదు, ప్రతి గీతా 100 అనుకుంటుంది. కొసలు గుండ్రంగా పెట్టినప్పుడు గీత మొదలవకముందే అక్కడొక చుక్క కనిపిస్తుంది కొన్నిసార్లు, అసహ్యంగా ఉంటుంది, దాని వంతు వచ్చేదాకా ఆ పాత్‌ని కనపడకుండా దాచేయండి.

(ప్రేక్షకుల్లోంచి ఒకరు: "సార్, ఇలా చేస్తే గీత అంతా ఒకే మందం వస్తుంది కదా, నా పెన్ను రాత సన్నం లావు ఉంటుంది.")

అవును, మంచి మాట అడిగారు, నేను అక్కడికే వస్తున్నా. బాపు గారి అక్షరాలు తలుచుకోండి, ఆయన చేతిరాత ఫాంటుగా కూడా వచ్చింది, శుభలేఖల మీద ఎన్నిసార్లు చూశామో. ఆ సన్నం లావు తీసేసి ఒకే మందం గీతతో అదే ఆకారం గీస్తే, అది బాపు అక్షరం కానే కాదు. మీ సంతకానికైనా అంతే. అందుకని గీతని చూపించొద్దు, గీతని మాస్కుగా వాడండి. అంటే కింద మీ అసలు రాత, స్కాన్ చేసింది, అది అలాగే ఉంటుంది. మీరు గీసిన పాత్‌ని రాత కన్నా లావుగా చేసి, ఆ పాత్ ఎంతవరకు వెళ్తే అంతవరకే కింద రాత కనిపించేట్టు పెడతారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా సులువు, పాత్‌కి ట్రిమ్ పాత్స్ తగిలించి, ఎండ్ సున్నా నుంచి నూరుకి తీసుకెళ్లి, ఆ షేప్ లేయర్‌ని రాతకి మాట్‌గా, అంటే మాస్కుగా, ఇవ్వడమే. కీఫ్రేములు, అంటే ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పే గుర్తులు, మాత్రం ఒక్కో గీతకి విడివిడిగా, మీ చీటీ ప్రకారం.

మాస్కుతో ఒక చోట మాత్రం తప్పకుండా ఇరుక్కుంటారు, ఇది కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. (తెర మీద పెద్దది చేసి చూపిస్తూ) ఇది క. క రాసేటప్పుడు గీత మెలిక తిరిగి తన మీద నుంచే తాను దాటుతుంది కదా, ఇదిగో ఇక్కడ, ఈ మధ్యలో. మాస్కు గీత రాత కన్నా లావుగా ఉంది. అది మొదటిసారి ఈ కూడలి మీదుగా వెళ్లేటప్పుడు, తన గీతతో పాటు, ఇంకా రాయని రెండో గీత ముక్క కూడా చిటికెడు బయటపెట్టేస్తుంది. చూశారా, ఈ రెండు చిన్న చెవులు? పెన్ను ఇంకా రాలేదు, ఇంకు ముందే ఉంది. పావు సెకను ఉంటుందేమో, అయినా కన్ను పట్టేస్తుంది. మాస్కుని సన్నం చేస్తే రాత అంచులు తెగిపోతాయి. కాబట్టి ఒకటే దారి, అక్షరాన్ని కూడలి దగ్గర రెండు ముక్కలు చేయడం. రాతని రెండు లేయర్లు చేసి, ఒకదాంట్లో కూడలి దాటేదాకా ఉన్న భాగం, రెండోదాంట్లో తిరిగొచ్చి దాటే భాగం, దేని మాస్కు దానికి. కూడలిలో ఇంకు రెండిట్లోనూ ఉంచండి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. విసుగు పనే, కాదనను. పేరులో మెలికలు ఎక్కువుంటే ఒక సాయంత్రం దానికే పోతుంది. కానీ ఈ ఒక్కటీ చేసినవాళ్ల పనికీ చేయనివాళ్ల పనికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

(మరొకరు: "మేం స్పీడుగా రాసేటప్పుడు తలకట్టు అక్షరంతో కలిపేస్తామండి, విడిగా కొట్టం. అప్పుడు?")

అప్పుడు అలాగే చేయండమ్మా. పుస్తకంలో ఉన్న వరస కాదు, మీ చేతి వరస. కొంతమంది మొత్తం పేరు రాసేసి చివర్లో తలకట్లు, ఒత్తులు ఒకేసారి టకటకా పెట్టుకుంటూ పోతారు, నాకైతే అది తెర మీద చూడ్డానికి భలే ఉంటుంది. వీడియో తీసుకోమన్నది అందుకే, మనం ఎలా రాస్తున్నామని అనుకుంటామో అలా రాయం చాలాసార్లు.

సరే, తయారైంది, ఇప్పుడు ఎక్కడ పెడతారన్నది. మెయిల్లో అయితే గిఫ్ తప్ప దారి లేదు, ఎస్‌వీజీ జీమెయిల్లో చూపించదు. గిఫ్ జీమెయిల్లో కదులుతుంది, కానీ ఆఫీసుల్లో పాత అవుట్‌లుక్ ఇంకా చాలా చోట్ల ఉంది, విండోస్‌లో 2007 నుంచి 2016 దాకా వచ్చినవి గిఫ్‌లో మొదటి ఫ్రేము మాత్రమే చూపిస్తాయి. మీ మొదటి ఫ్రేము ఏంటి? ఖాళీ కాగితం! మీ మేనేజర్‌కి మీ పేరు బదులు తెల్ల డబ్బా వెళ్తుంది. (నవ్వులు) అందుకని మొదటి ఫ్రేముగా నిండు సంతకమే పెట్టండి, దాని టైము చాలా తక్కువ ఇవ్వండి, తర్వాత ఖాళీ, తర్వాత రాత మొదలు. కదిలే చోట కనురెప్ప వేసినంతలో పోతుంది, కదలని చోట పేరు నిలుస్తుంది.

లూప్ ఫరెవర్ దయచేసి తీసేయండి. ఒకసారి రాయాలి, ఆగాలి. మెయిల్ చదువుతుంటే కింద పేరు రాస్తూ చెరుపుతూ రాస్తూ ఉంటే చదివేవాడికి చిరాకు, నాకు తెలిసి ఇంతకన్నా వేగంగా మనిషి మీద విరక్తి పుట్టించే మెయిల్ సంతకం లేదు. ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ కావాలని అడుగుతారు, గిఫ్‌లో పిక్సెల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, సగం పారదర్శకం అన్నది లేదు, అందుకే అంచులు రంపంలా కనిపిస్తాయి, డార్క్ మోడ్‌లో చుట్టూ తెల్ల అంచు వస్తుంది. తెల్ల కాగితంతోనే ఉంచుకోండి, కాగితం మీద సంతకం అని మర్యాదగా ఉంటుంది.

వాట్సాప్‌లో మీరు పంపే గిఫ్ నిజానికి చిన్న వీడియోగా మారి వెళ్తుంది, కాబట్టి అక్కడికి నేరుగా ఎంపీ4 చేసుకోండి. స్టిక్కర్ కావాలంటే వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్, 512 బై 512 పిక్సెల్స్, 500 కేబీ లోపు, పది సెకన్లు మించకూడదు. సంతకం అడ్డంగా పొడుగు కదా, చదరంలో చిన్నగా కనిపిస్తుంది, ఇంటిపేరు ఒక వరస, పేరు ఒక వరస రాసుకుంటే నిండుగా ఉంటుంది.

ఒక జాగ్రత్త, ఇది నవ్వులాటకి కాదు. బ్యాంకు చెక్కు మీద పెట్టే సంతకాన్ని దీనికి వాడొద్దు. మామూలు ఫొటో అయితే ఆకారమే వెళ్తుంది, ఇందులో మీరు ఏ గీత ముందు, ఎంత వేగం, ఎక్కడ పెన్ను లేపుతారు అన్నీ పూసగుచ్చినట్టు చూపిస్తున్నారు, ఫోర్జరీ చేసేవాడికి క్లాసు చెప్పినట్టే. పేరుని పేరులా రాయండి, నిండుగా, తెలుగులో, బ్యాంకు గిలుకుడు కాకుండా. ఇంకా కొందరు దీన్ని పీడీఎఫ్‌లో అతికించి డిజిటల్ సంతకం అంటారు. కాదు. మన ఐటీ చట్టం 2000లో డిజిటల్ సిగ్నేచర్ అన్నది తాళంచెవుల జతతో చేసే గణితం, లైసెన్సున్న సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌తో వస్తుంది, దానికీ చేతిరాత బొమ్మకీ సంబంధం లేదు. టెండర్లు వేసేవాళ్లకి, కంపెనీ ఫైలింగులు చేసేవాళ్లకి ఆ యూఎస్‌బీ టోకెన్ తెలిసే ఉంటుంది.

(వెనక నుంచి: "ఫోన్లోనే చేసే వీలుందా అండి? ల్యాప్‌టాప్ లేదు.")

ఉంది. స్టైలస్ ఉన్న ట్యాబ్ అయితే చాలా డ్రాయింగ్ యాప్‌లు మీరు గీసేదాన్ని టైమ్‌ల్యాప్స్‌గా రికార్డు చేస్తాయి, కానీ అవి వేగాన్ని కుదించేస్తాయి, మనం ఇంతసేపు మాట్లాడిన ఆగడం, లేవడం అన్నీ పోతాయి. దానికన్నా స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి తెల్ల తెర మీద మామూలుగా రాసి, ముందూ వెనకా కత్తిరించుకోవడం మేలు. మెనూలు కనపడకుండా ఫుల్ స్క్రీన్ పెట్టుకోండి. వేలితో రాస్తే మాత్రం మీ రాత రాదు, వేలు రాత వస్తుంది, చవక స్టైలస్ అయినా సరే ఒకటి కొనుక్కోండి.

ఇక చాలు, మాటలతో ఇది రాదు. కాగితాలు, నల్ల పెన్నులు ఆ టేబుల్ మీద ఉన్నాయి, ముందు అందరూ రాయండి, ఇద్దరిద్దరుగా కూర్చుంటే ఒకరు రాస్తుంటే ఇంకొకరు వీడియో తీయొచ్చు. జింప్ ఇన్‌స్టాల్ కానివాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకోండి, నా దగ్గర ఉంది.